లేయర్ కేక్ పైన పగలకుండా, కోసేటప్పుడు రాలకుండా ఉండాలంటే ఏం చేయాలి?

బటర్ కేక్ చేస్తే ఓవెన్‌లోనే పైన గుట్టలా పొంగి పగిలిపోతోంది, తర్వాత పొరలుగా కోస్తుంటే పొడిపొడిగా రాలిపోతోంది అని అడిగారు కదా. ఇవి రెండూ వేరే వేరే సమస్యలండీ. నేను కూడా చాలా రోజులు రెండిటికీ రెసిపీదే తప్పు అనుకుని రెసిపీలు మార్చుకుంటూ పోయాను, ఏం లాభం లేకపోయింది.

ముందు రాలడం గురించి చెప్తా, నన్ను బాగా ఏడిపించింది అదే. మా పాప పుట్టినరోజుకి ఎనిమిది అంగుళాల కేక్ చేసి మూడు పొరలుగా కోద్దామనుకున్నా. సాయంత్రం ఆరుకి పిల్లలొస్తారు, నేను కేక్ ఓవెన్‌లోంచి తీసేసరికే నాలుగున్నర. అరగంట ఆగి కత్తి పెట్టేశా, పైన చల్లగానే తగిలింది గానీ లోపల ఇంకా వెచ్చగా ఉంది, పై పొర రెండు చేతులతో ఎత్తుతుంటే అరచేతుల మధ్యే మూడు ముక్కలైపోయింది. క్రీమ్‌తో అతికిద్దామంటే ఆ వేడికి క్రీమ్ కూడా కరిగి పక్కలనుంచి కారిపోయింది. పాప ఏమీ అనలేదు, అలా చూస్తూ నిలబడింది, ఆ మొహం నాకిప్పటికీ గుర్తే.

వేడి మీదున్న కేక్‌లో బటర్ ఇంకా కరిగే ఉంటుంది, మైదాలో ఉండే స్టార్చ్ కూడా చల్లారేకొద్దీనే గట్టిపడుతుంది, అందుకే అప్పుడు దానికి పట్టుండదు. కాబట్టి కేక్ ఎప్పుడూ ముందురోజే చేసేయండి. ఓవెన్‌లోంచి తీశాక టిన్‌లోనే 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి, వెంటనే తిప్పితే విరుగుతుంది, గంటలు గంటలు వదిలేస్తే ఆవిరికి అడుగు తడిసిపోతుంది. తర్వాత జాలీ స్టాండ్ మీదకి తీసి పూర్తిగా చల్లారనిచ్చి, క్లింగ్ ఫిల్మ్‌తో గాలి తగలకుండా చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున కోసి చూడండి, మీకే తేడా తెలుస్తుంది. అయితే బటర్ కేక్ ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే తింటే గట్టిగా ఉంటుంది, తినే ముందు ఓ గంటా రెండు గంటలు బయట పెట్టాలి.

కోయడానికి పళ్ళున్న బ్రెడ్ కత్తే వాడండి. ఒకేసారి ఆ చివరికి తోసేయకుండా, ముందు కేక్‌ని తిప్పుకుంటూ చుట్టూ అర అంగుళం లోతున గాటు పెట్టి, తర్వాత అదే గాటులో కత్తిని రంపంలా ఆడిస్తూ మెల్లగా లోపలికి వెళ్ళాలి. పొరని మాత్రం చేతులతో ఎత్తొద్దు, సన్నటి అట్టముక్కో విడిగా వచ్చే టిన్ అడుగుపళ్ళెమో కిందికి జరిపి దాంతో ఎత్తండి.

చల్లారాక కోసినా రాలుతుందంటే నా అనుమానం మైదా మీదే. కప్పుని మైదా డబ్బాలో ముంచి తీస్తారా? నేనలాగే తీసేదాన్ని, కాటా కొన్నాక తూచి చూస్తే 150 గ్రాములు దాటింది, అదే కప్పు స్పూన్‌తో వదులుగా నింపి పైన సమం చేస్తే 125 వచ్చింది, అంటే రెండు కప్పుల రెసిపీలో 50 గ్రాముల మైదా ఎక్కువ పడుతోందన్నమాట, ఇంక కేక్ పొడిగా రాక ఏమవుతుంది. తీపి ఎక్కువని పంచదార సగానికి తగ్గించినా ఇదే గొడవ, తేమని పట్టి ఉంచేది అదే కదా. ఎక్కువసేపు బేక్ చేసినా అంతే, టూత్‌పిక్‌కి ఒకటీ రెండూ తడి పలుకులు అంటుకుంటుండగానే తీసేయండి. కలపడం గురించి మాత్రం అందరూ అనవసరంగా భయపెడతారు అనిపిస్తుంది నాకు, ఎక్కువ కలిపితే కేక్ సాగుతుంది, గట్టిపడుతుంది గానీ రాలదు, నిజానికి మరీ తక్కువ కలిపితేనే పట్టులేక విరుగుతుంది.

ఇక పైన పగలడం, అది వేడి వల్ల. అంచులూ పైభాగమూ ముందే గట్టిపడిపోతాయి, మధ్యలో పిండి ఇంకా పొంగుతూనే ఉంటుంది, దారిలేక పైన చీల్చుకుని వస్తుంది. ఓవెన్‌లో పెట్టే థర్మామీటర్ ఒకటి కొనండి, నా ఓవెన్ 180 చూపిస్తూ లోపల 200 ఉండేది. ఇప్పుడు 160 దగ్గర పెట్టి ఇంకో పది పదిహేను నిమిషాలు ఎక్కువ ఉంచుతున్నా, పాత టవల్ పట్టీలు తడిపి, నీళ్ళు పిండేసి టిన్ చుట్టూ కడుతున్నా, పైన దాదాపు చదునుగా వస్తోంది. టిన్‌లో పిండి సగం కంటే కొంచెం పైకి ఉంటే చాలు, బేకింగ్ పౌడర్ కప్పు మైదాకి ఒక టీస్పూన్, మహా అయితే ఒకటింపావు. కాస్త పగిలినా కంగారు పడొద్దు, ఆ గుట్టని ఎలాగూ కోసేస్తాం.

క్రీమ్ రాసేటప్పుడు ముక్కలు లేస్తుంటే క్రీమ్ బాగా గట్టిగా ఉందని అర్థం. ముందు పల్చగా ఒక పూత వేసి 20, 30 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి ఆ తర్వాత అసలు పూత వేయండి, పలుకులు అంటిన గరిటె మళ్ళీ క్రీమ్ గిన్నెలో మాత్రం పెట్టొద్దు. పొరలు పొడిగా అనిపిస్తే పంచదార, నీళ్ళు సమానంగా మరిగించి చల్లార్చి పొరకి రెండు మూడు టేబుల్ స్పూన్లు బ్రష్‌తో అద్దండి.

ఇన్ని చేసినా ఎప్పుడైనా ఒక పొర విరిగిందనుకోండి, పారేయొద్దు. ముక్కలు చల్లగా ఉండగానే క్రీమ్‌తో దగ్గరికి చేర్చి దాన్ని మధ్య పొరగా పెట్టేయండి, ఎవరికీ తెలీదు. అన్నిటికంటే పైన మాత్రం టిన్ అడుగున ఉన్న పొరని తిరగేసి పెట్టండి, ఆ వైపు నున్నగా ఉంటుంది కాబట్టి క్రీమ్‌లోకి పలుకులు లేవవు.