పుర్రెను చేతిలోకి తీసుకునే ముందు

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "పిల్ల హాస్టల్లో మంచం కింద పుర్రె పెట్టుకుని పడుకుంటోందట అక్కా" అని ఒకటే కంగారు. నీ టెన్షన్ వేరే అని తర్వాత చెప్పింది. రెండు వారాలుగా చదువుతున్నా పుర్రెలోని రంధ్రాల పేర్లు గుర్తుండడం లేదని ఏడ్చావట. ముప్పై ఏళ్లు అనాటమీ, అంటే శరీర నిర్మాణం, పాఠం చెప్పిన పెద్దమ్మ ఉండగా ఏడుపెందుకమ్మా?

ముందు దాన్ని మంచం కింద నుంచి తియ్యి. ఒకప్పుడు అది ఒక మనిషి తల. ఎవరో ఏమిటో మనకు తెలియదు, కానీ నీకు చదువు చెబుతున్నది ఆ మనిషే. బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి పెట్టు. చదవడం అయ్యాక గుడ్డ కప్పు, చేతులు కడుక్కో.

రెండు చేతులతోనే ఎత్తాలి. ఒక అరచెయ్యి అడుగున, రెండోది నడినెత్తి మీద. కంటి గుంటల్లో వేళ్లు దూర్చి మాత్రం ఎత్తకు. వాటి లోపలి గోడ కాగితమంత పలచన. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకబ్బాయి అలా ఎత్తి విరగ్గొట్టాడు, ఆ చప్పుడు నాకు ఇంకా గుర్తుంది. చూపించడానికి పెన్ను కూడా వద్దు, చీపురు పుల్ల చాలు.

తర్వాత తలను సరిగా నిలబెట్టడం. కంటి గుంట కింది అంచు, చెవి రంధ్రం పై అంచు ఒకే మట్టానికి రావాలి. మనం నేరుగా ఎదురుగా చూసేటప్పుడు తల అలాగే ఉంటుంది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, మొదట చూసేది ఇదే. అన్నీ వచ్చిన పిల్లలు కూడా పుర్రెను వంకరగా పట్టుకుని, కుడి ఏదో ఎడమ ఏదో తేల్చుకోలేక తడబడడం చాలాసార్లు చూశాను.

ఎముకలు ఇరవై రెండు. పుస్తకంలో మెదడు పెట్టెకు 8, ముఖానికి 14 అని ఉంటుంది. నేను ఇంకోలా చెప్పేదాన్ని. మధ్యగీత మీద ఉన్నవి ఒంటివి, ఆరు: ఫ్రాంటల్ (నుదురు), ఎత్మాయిడ్ (కళ్ల మధ్య, ముక్కు పైన), స్ఫీనాయిడ్ (పుర్రె అడుగున మధ్యలో), ఆక్సిపిటల్ (తల వెనక), వోమర్ (ముక్కు మధ్య గోడలో), కింది దవడ. మిగిలినవన్నీ అటొకటి ఇటొకటి, ఎనిమిది జతలు. చెవి లోపలి చిన్న ఎముకలు ఈ లెక్కలోకి రావు.

నీకు ఎక్కువ సమయం పట్టేది స్ఫీనాయిడ్. రెక్కలు విప్పిన గబ్బిలంలా ఉంటుంది. దాని పెద్ద రెక్కలో ముందు నుంచి వెనక్కి మూడు రంధ్రాలు కనిపిస్తాయి: రొటండమ్, ఓవేల్, స్పైనోసమ్. పేర్లు బట్టీ పట్టకు. ఒక్కొక్క రంధ్రాన్నీ ఇంటి గుమ్మం అనుకుని, ఇందులోంచి ఎవరు వెళ్తారు, ఎక్కడికి వెళ్తారు అని అడుగు. మొదటి దాంట్లోంచి పై దవడకు వెళ్లే నరం, రెండో దాంట్లోంచి కింది దవడకు వెళ్లే నరం. మూడోది లోపలికి వచ్చే దారి. మిడిల్ మెనింజియల్ అనే రక్తనాళం అందులోంచి వస్తుంది.

ఇప్పుడు ఆ నాళం వెంట చీపురు పుల్ల పోనివ్వు. గోడ లోపలి వైపు దాని గాడి కనిపిస్తుంది. ఆ గాడి కణత దగ్గరికి, నాలుగు ఎముకలు కలిసే చోటికి పోతుంది. అదే టీరియాన్. అక్కడ ఎముక పలచన, పుర్రెను ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పెట్టి చూడు. బండి మీద నుంచి పడి కణతకు దెబ్బ తగిలితే ఎముక చిట్లి, దాన్ని ఆనుకున్న నాళం తెగవచ్చు. అలాంటి మనిషి కాసేపు లేచి బాగానే మాట్లాడి, కొన్ని గంటలకే స్పృహ తప్పవచ్చు. ఎముకకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరి మెదడును నొక్కేస్తుంది. "బాగానే ఉన్నాడు కదా" అని ఇంటికి పంపేస్తే ప్రాణం పోవచ్చు. రేపు క్యాజువాలిటీలో నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు ఈ గాడి నీకు గుర్తుకు రావాలి. నీ పరీక్ష మార్కుల కంటే నాకు అదే ముఖ్యం.

ఇంకో పాఠం మీ ఇంట్లోనే ఉంది. అక్క కొడుక్కి నాలుగో నెల కదా. అమ్మమ్మ వాడి మాడుకు ఆముదం పెట్టేటప్పుడు పక్కన కూర్చో. వేలితో మెల్లగా తాకితే మెత్తగా, నాడి కొట్టుకుంటున్నట్టు తెలుస్తుంది. ముందు ఇంకా పూర్తిగా ఒకటి కాని ఫ్రాంటల్ రెండు సగాలు, వెనక నడినెత్తికి అటూ ఇటూ ఉండే రెండు పెరైటల్ ఎముకలు, మధ్యలో ఇంకా ఎముక రాని ఖాళీ. నొక్కవద్దు. తల వెనక ఉండే ఇలాంటి చిన్న ఖాళీ రెండు మూడు నెలలకే మూసుకుంటుంది, ముందున్న ఈ ఖాళీ మూసుకోవడానికి దాదాపు ఏడాదిన్నర దాకా పడుతుంది. కాన్పు సమయంలో తల ఇరుకు దారిలోంచి రావాలి, పుట్టాక మెదడు పెరగాలి. అందుకే ఆ ఎముకలు తొందరపడి అతుక్కోవు.

రోజుకు ఒక వైపు మాత్రమే బొమ్మ గియ్యి. ముందు చూసి, తర్వాత చూడకుండా. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ బొమ్మలు తెచ్చుకో, పుర్రె అడుగు భాగం నా ఎదురుగా కూర్చుని గీద్దువుగాని. అరిసెలు చేసి ఉంచుతాను.

మీ పెద్దమ్మ