వరద అలారం ప్రాజెక్టులో అలారం మోగే హద్దుగా 11.75 అడుగులు పెట్టుకుంటే సరిపోతుందా?

సరిపోదు, కోనసీమ లంక ఊళ్ల కోసం విద్యార్థులు చేసే వరద అలారానికి ఆ ఊరి దారి ఎత్తు కొలిచి హద్దు పెట్టాలి. 11.75 అడుగులన్నది గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం కొలిచే గేజీ లెక్క. అక్కడ నీరు ఆ మట్టానికి చేరి, దాదాపు 10 లక్షల క్యూసెక్కులు దిగువకు వదిలేటప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. కింద గోదావరి పాయలుగా చీలుతుంది, నేల ఎత్తు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

ఉదాహరణకు కనకాయలంక కాజ్‌వే (పాయ దాటే తక్కువ ఎత్తు రోడ్డు) దగ్గర పెట్టే అలారం, నీరు రోడ్డుకి ఇంకా జానెడు కింద ఉండగానే మోగాలి. మునిగాక మోగితే ఏం లాభం? బడికెళ్లిన పిల్లలు అప్పటికే అవతలి ఒడ్డున చిక్కుకుపోతారు. కరెంటు పోతుంది కాబట్టి బ్యాటరీ తప్పనిసరి.

ధవళేశ్వరం హెచ్చరిక రాలేదంటే భయం లేదనుకుంటారు చాలామంది. అది పొరపాటు, పల్లపు దారులు అంతకుముందే మునగొచ్చు. అలాగని ఆ హెచ్చరికను వదిలేయకూడదు. పైనుంచి ఎంత నీరు వస్తోందో ఊళ్లోని సెన్సర్‌ చెప్పలేదు.