గడప దాటని అన్నయ్య

ప్రశ్న: మా అన్నయ్య రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో 7 ఏళ్లు ఉండి కోనసీమలోని ఇంటికి వచ్చాడు. వీధి తలుపు తెరిచే ఉన్నా, ఎవరైనా చెబితే తప్ప గడప దాటడు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, అది మొండితనం కాదు. గంట మోగితే లేవడం, లెక్కకు నిలబడడం, పొద్దుగూకకముందే తాళం పడడం, ఇలా ప్రతి నిర్ణయమూ ఇతరులే తీసుకున్న చోట ఏళ్ల తరబడి బతికిన మనసు, విడుదలైన రోజునే మారిపోదు. ఇంటి తాళంచెవి ఒకటి అతని చేతికే ఇవ్వండి. సాయంత్రం కాలవగట్టు మీద నడకకు పిలవండి, రానంటే బలవంతపెట్టకండి. పరామర్శకు వచ్చే బంధువులను, నొచ్చుకున్నా సరే, కొన్నాళ్లు ఆపడమే మంచిదని నా అభిప్రాయం. నిద్రలేమి, ఉలికిపాటు వారాల తరబడి తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416 నంబరులో, ఫోన్ చేయండి; చావు మాట ఎత్తితే మాత్రం ఆ క్షణమే చేయండి. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.