పై పోర్షన్‌లో నౌరోజ్

ప్రశ్న: మేడమ్, మా ఇంటి పై పోర్షన్ ఈ మధ్యే ఒక అఫ్ఘానీ జంటకు కిరాయికిచ్చాం. ఇద్దరూ యూనివర్సిటీలో చదువుకుంటున్నారు. వాళ్లకూ మన ఉగాది లాంటి పండుగ ఉందట. ఎలా చేస్తారు? ఏమైనా వండి పంపాలని ఉంది కానీ తప్పు పడతారేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: ముందు ఒక చిన్న మాటమ్మా. అఫ్ఘానీ అంటే వాళ్ల దేశపు డబ్బు. మనుషుల్ని అఫ్ఘాన్లు అనాలి. నాకూ ఇది మా ఇంట్లో అద్దెకున్న అమ్మాయే చెప్పింది. హబ్సిగూడలో మా పై వాటాలో ఆ దంపతులు నాలుగేళ్లు ఉన్నారు.

ఆ పండుగ పేరు నౌరోజ్. ‘నౌ’ అంటే కొత్త. ‘రోజ్’ అంటే మన ‘రోజు’, ఆ మాట మనకు పారసీ నుంచి వచ్చిందే. పగలూ రాత్రీ సమానమయ్యే వేళ, మార్చి 20 లేదా 21న వస్తుంది. వాళ్ల మొదటి నెల హమల్, అంటే మేషం. ఐదోది అసద్, సింహం. పదకొండోది దల్వ్, అంటే నీళ్లు తోడే చేద, మన కుంభం. ఒక సాయంత్రం ఆమె, నేనూ పంచాంగం ఒళ్లో పెట్టుకుని పన్నెండు నెలలూ మన రాశులతో సరిచూసుకున్నాం. ఒక్కటీ తప్పలేదు.

2023లో నౌరోజ్ మార్చి 21, మన ఉగాది 22. పండుగకు రెండు రోజుల ముందే ఆమె బేగంబజార్ నుంచి సంచీ నిండా సరుకు తెచ్చుకుంది. హఫ్త్ మేవా కోసం. హఫ్త్ అంటే ఏడు, మన హైదరాబాద్‌లో వారాన్ని హఫ్తా అంటాం కదా, అదే. బాదం, పిస్తా, అక్రోట్, రెండు రకాల కిస్‌మిస్, ఖుబానీ. ఏడోది సెంజెద్ అనే ఎండుపండు. అది ఇక్కడ దొరక్క ఖర్జూరం వేసింది. అన్నీ నీళ్లలో నానాలి, చక్కెర చిటికెడు కూడా వెయ్యరు, పండ్ల తీపే నీళ్లలోకి దిగుతుంది. అసలు పని అక్రోట్‌తో. వేడినీళ్లలో వేసి, ఆ పప్పు మడతల్లోని పల్చటి పొరను గోటితో తియ్యాలి. కాస్త మిగిలినా చేదు. నేనూ కూర్చుని ఒక గిన్నెడు ఒలిచాను, గోళ్లు రెండు రోజులు గోధుమరంగులో ఉండిపోయాయి. మరునాడు ఆమె గాజుగిన్నెలో తెచ్చిచ్చింది. ఆ మరునాడు నేను ఉగాది పచ్చడి ఇచ్చాను. వేపపువ్వు దగ్గర ఒక్క క్షణం ఆగి, గ్లాసు ఖాళీ చేసింది.

వాళ్ల ఊళ్లలో ఆడవాళ్లు రాత్రంతా మేలుకుని పాటలు పాడుతూ సమనక్ కలుపుతారు. మొలకెత్తిన గోధుమలతో చేసే వంటకం అది. మజారె షరీఫ్ నగరంలో హజ్రత్ అలీ పేరున ఉన్న నీలి దర్గా దగ్గర పెద్ద జెండా ఎత్తేవారు. చుట్టుపక్కల ఎర్ర తులిప్‌లు పూసే కాలం కాబట్టి నలభై రోజుల ఆ ఉత్సవానికి ‘గులె సుర్ఖ్’, అంటే ఎర్రపూలు, అని పేరు. ఇవన్నీ ఆమె ఫోన్‌లో చూపిస్తూ చెప్పింది.

2022 నుంచి అక్కడ నౌరోజ్‌కు సర్కారు సెలవు లేదు. తాలిబాన్ ప్రభుత్వం తీసేసింది. చలి ప్రాంతాల్లో బడులు తెరిచేదీ ఆ రోజుల్లోనే. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు మాత్రం బడి లేదు. మెట్ల మీద కూర్చుని ఆమె “మా చెల్లి పుస్తకాలకు అట్టలు వేసుకుని కూర్చుంది ఆంటీ” అన్నప్పుడు నాకు మాట రాలేదు. అందుకే చెబుతున్నాను, ఆ రోజు మీరు తలుపు తట్టండి.

అఫ్ఘాన్లందరూ నౌరోజ్ చేసుకోరు, కొందరు మతపరంగా వద్దనుకుంటారు. కాబట్టి ముందే “మీరు చేసుకుంటారా?” అని అడగండి. అడిగితే సంతోషిస్తారు. పులిహోర, బొబ్బట్లు హాయిగా పంపొచ్చు. మాంసం మాత్రం హలాల్ అయితేనే. రంజాన్ ఉపవాసాలైతే పొద్దుగూకాక ఇవ్వండి. “నౌరోజ్ ముబారక్” అంటే చాలు.

ప్రశ్న: మా కాలేజీలో అఫ్ఘాన్ విద్యార్థులున్నారు. వాళ్ల స్వాతంత్ర్య దినం ఎప్పుడు? ఆగస్టులోనే అన్నారెవరో.
– ఒక లెక్చరర్, నల్లకుంట

జవాబు: ఆగస్టు 19, వాళ్ల లెక్కలో అసద్ 28. విదేశీ వ్యవహారాలపై బ్రిటిష్ వాళ్ల పెత్తనం 1919లో పోయింది. అప్పటి పాలకుడు అమానుల్లా ఖాన్. ఆ పెత్తనానికి తెరదించిన ఒప్పందం జరిగింది రావల్పిండిలో.

ఇంకొకటి గుర్తుంచుకోండి. 2021లో కాబూల్ తాలిబాన్ చేతికి పోయింది ఆగస్టు 15నే. ఆ రోజు మన జెండా వందనానికి మీ పిల్లలు ఎవరైనా మౌనంగా నిలబడితే ఎందుకని నిలదీయకండి. లడ్డూ చేతిలో పెట్టండి. ముబారక్ 19న చెప్పండి.