సర్వీస్ లెర్నింగ్: ఊరికే చాకిరీయా, చదువులో భాగమా?

ప్రశ్న: సోషల్ వర్క్ డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్నాను. ఒక సబ్జెక్టుకు సర్వీస్ లెర్నింగ్ కింద ఈ సెమిస్టర్‌లో 30 గంటలు స్వచ్ఛంద సంస్థలో పనిచేయాలి. తర్వాత ఎలాగూ ఫీల్డ్‌వర్క్ ఉంటుంది, ఇది ఊరికే చాకిరీ అంటున్నారు సీనియర్లు. ఉద్యోగానికి ఏమైనా పనికొస్తుందా? దీనికోసం నా కంప్యూటర్ కోర్సు మానేయాలా?

జవాబు: మీ సీనియర్ల మాటను కొట్టిపారేయను. కుర్చీలు సర్దించి, ఫొటోలు తీయించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపే చోట్లు ఉన్నాయి. అలాంటి పనికి సర్వీస్ లెర్నింగ్ అనే పేరు తగదు. 1967లో అమెరికాలో రాబర్ట్ సిగ్మన్, విలియం రామ్‌సే వాడుకలోకి తెచ్చిన ఈ మాటలో అవతలివాళ్ల అవసరం తీరడం, మీరు పాఠం నేర్చుకోవడం రెండూ ఉండాలి. వాలంటీర్ పనిలో మొదటిదే ముఖ్యం. ఫీల్డ్‌వర్క్‌లో మొగ్గు మీ వృత్తి శిక్షణ వైపు; అమెరికాలో సోషల్ వర్క్ కోర్సుల గుర్తింపు నిబంధనల్లో దానికి డిగ్రీలో కనీసం 400 గంటలు, పీజీలో 900. మీ 30 గంటలు దానికి బదులు కావు.

మరి ఎందుకు? ఒక ఉదాహరణ చెప్తాను. సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పడానికి వెళ్లారనుకోండి. ఒక పాప ప్రతి మంగళవారం రాదు. బద్ధకం అనుకుంటాం. మెల్లగా అడిగితే, ఆరోజు తల్లికి రాత్రి డ్యూటీ, తమ్ముణ్ణి ఈ పాపే చూసుకోవాలని తెలుస్తుంది. కుటుంబాన్ని ఒక వ్యవస్థగా చూడాలని క్లాసులో విన్న పాఠం అప్పుడు ఎక్కుతుంది. ఆ రాత్రే డైరీలో మూడు ముక్కలు రాయండి: ఏం చూశాను, ముందు ఏమనుకున్నాను, ఎందుకు మార్చుకున్నాను. పాప పేరు మాత్రం రాయొద్దు, సెల్ఫీలూ వద్దు.

ఇంటర్వ్యూలో '30 గంటలు చేశాను' అంటే ఎవరూ పట్టించుకోరు. ఆ మంగళవారం సంగతి చెప్తే వింటారు. ఇంకో లాభం, నా లెక్కలో ఇదే పెద్దది: ఈ పని మీకు సరిపడదనిపిస్తే మొదటి ఏడాదిలోనే తెలిసిపోతుంది.

చేరేముందు లెక్చరర్‌ను రెండే అడగండి. ఈ పని ఏ పాఠానికి ముడిపడింది? మా అనుభవాల మీద క్లాసులో చర్చ ఉంటుందా? రెండోదానికి 'లేదు' అంటే, ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి వారానికో గంట మీరే కూర్చోండి. ఎన్నాళ్లు వస్తారో పిల్లలకు మొదటిరోజే చెప్పేయండి, చెప్పకుండా మానేస్తే వాళ్లు ఎదురుచూస్తారు.

ఈ పనికోసం కంప్యూటర్ కోర్సు మానేయాలా అన్న టెన్షన్ వద్దు. వారానికి రెండు గంటలే కదా, రెండూ కుదురుతాయి.