రుషికొండ హోటల్ లీజు కోసం ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: విశాఖ డాబా గార్డెన్స్‌లో మా నాన్నగారు కట్టిన భవనంలో 22 గదుల లాడ్జి నడుపుతున్నాను. శని, ఆదివారాలు ఫుల్, మిగతా రోజుల్లో సగం నిండుతుంది. ఖర్చులు పోను నెలకు 1.6 లక్షలు మిగులుతోంది. ఇప్పుడు రుషికొండలో 30 గదుల కొత్త భవనం 9 ఏళ్ల లీజుకు వచ్చింది. నెలకు 4.5 లక్షల అద్దె, ఆరు నెలల అడ్వాన్స్, ఫర్నిచర్‌కీ ఏసీలకీ మరో 40 లక్షలు. నా దగ్గర 7 లక్షలున్నాయి. ఎంవీపీ కాలనీలోని ఇంటి మీద 60 లక్షల లోన్ ఇస్తామని బ్యాంకు అంటోంది. భోగాపురం ఎయిర్‌పోర్టుతో అటువైపు దశ తిరుగుతుందని నా నమ్మకం. మా ఆవిడ వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ షరతులతో అయితే వద్దండీ. మీ ఆవిడ గారు లెక్క వేసి చెప్పారో భయపడి చెప్పారో నాకు తెలీదు గానీ, లెక్క మాత్రం ఆవిడ వైపే ఉంది.

ముందు ఆ 1.6 లక్షల సంగతి చూద్దాం. దాన్ని మీరు హోటల్ లాభం అనుకుంటున్నారు. కానీ భవనం సొంతం కాబట్టి అద్దె కట్టట్లేదు, పొద్దున్నుంచి రాత్రి దాకా కౌంటర్‌లో కూర్చుంటున్నందుకు జీతం కూడా రాసుకోవట్లేదు. డాబా గార్డెన్స్‌లో ఆ భవనాన్ని వేరేవాళ్లకి లీజుకిస్తే ఎంత వస్తుందో మీకే బాగా తెలుసు. అది తీసేసి, ఒక మేనేజర్ జీతం కూడా తీసేస్తే వ్యాపారం సంపాదిస్తున్నది ఎంత? చాలా కొంచెం. అంటే అద్దె కట్టి హోటల్ నడపడం మీరింకా చేసి చూడలేదు, మొదటిసారే నెలకు 4.5 లక్షల అద్దెతో, అదీ ఇల్లు పణంగా పెట్టి చేయబోతున్నారు.

ఇక రుషికొండ లెక్క. 60 లక్షలు, పదేళ్లు, 10.5 శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ దాదాపు 81,000. అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 81,000, భవనం ఓనర్‌కి జీఎస్టీ నంబర్ లేకపోయినా రివర్స్ చార్జ్ కింద మీరే కట్టాలి. చాలామంది బోర్లా పడేది ఇక్కడే: 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 లోపు గదుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది, గెస్ట్‌కి సంతోషమే, కానీ దాంతో పాటు మీకు ఇన్‌పుట్ క్రెడిట్ పోయింది. అద్దె మీద, ఏసీల మీద, ఫర్నిచర్ మీద కట్టే జీఎస్టీ ఏదీ వెనక్కి రాదు. ఆ 40 లక్షలు పన్ను కలపని కొటేషన్ అయితే ఇంకో 7 లక్షల పైచిలుకు కావాలి. మీ చేతిలో ఉన్నది అంతే, అదీ అడ్వాన్స్‌లో పోతోంది.

అంటే ఒక్క గెస్ట్ కూడా రాకముందే నెలకు 6.12 లక్షలు. స్టాఫ్, కనీస కరెంటు, మెయింటెనెన్స్‌కి 2.6 లక్షలు వేశాను (నా అంచనా, మీరు తగ్గించగలిగితే మంచిదే). గది సగటున 2,200కి ఇచ్చారనుకుందాం. బుకింగ్ యాప్‌ల కమిషన్ 20 శాతం, దాని మీద జీఎస్టీ. పదిలో ఆరు బుకింగ్‌లు యాప్‌ల నుంచే వస్తాయనుకుంటే సగటున గదికి 310 పోతుంది. లాండ్రీ, సబ్బులు, గదిలో కరెంటుకి 350. మిగిలేది 1,540 దాకా. ఈ లెక్కన నెలలో 900 గది-రాత్రులకు (30 గదులు, 30 రాత్రులు) 567 అమ్ముడైతేనే లాభం లేదు, నష్టం లేదు. అది 63 శాతం. ఏళ్ల తరబడి పేరున్న మీ లాడ్జి సగటు వారం మొత్తం మీద ఎంతో తెలుసా? 64. కొత్త హోటల్, రివ్యూలు లేవు, మొదటి ఏడాదే వానాకాలంలోనూ ఆషాఢంలోనూ కలిపి 63 నిండాలంటే నాకైతే నమ్మకం లేదు.

ఎయిర్‌పోర్టు సంగతి మీకు తెలిసినట్టే ఆ ఓనర్‌కీ తెలుసు కదా, దాని ధర ఆ 4.5 లక్షల్లో అప్పుడే కలిసిపోయి ఉంటుంది.

ఇప్పుడు మీ పాత లాడ్జికి వద్దాం, అసలు డబ్బు అక్కడే ఖాళీగా పడి ఉంది. వారంలో ఐదు రోజులు 11 గదులు, నెలకు 235 పైన గది-రాత్రులు. వాటిలో మూడో వంతు 1,200కి అమ్మినా, ఖర్చులు పోను 70,000 దాకా అదనం, రూపాయి అప్పు లేకుండా. ఎవరికి అమ్మాలి? పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం, దువ్వాడ సెజ్ కంపెనీలకు వచ్చే సర్వీస్ ఇంజనీర్లు, ఆడిటర్లు ఉన్నారు. వాళ్ల అడ్మిన్ వాళ్లని కలిసి నెలవారీ బిల్లింగ్ రేటు ఇవ్వండి. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ వారమే చేయించండి, ఫ్రీ. రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు మీకు కట్టకపోతే, నిజంగా కట్టిన ఏడాదే ఆ ఖర్చు వాళ్లకి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో పనికొస్తుంది, కాబట్టి బకాయి పెట్టడానికి కాస్త ఆలోచిస్తారు. కేజీహెచ్‌కి వచ్చే పేషెంట్ల బంధువులకు వారం రేటు పెట్టండి. దసరాకి బెంగాల్ నుంచి వచ్చే కుటుంబాల కోసం బెంగాలీ వచ్చిన కుర్రాణ్ణి రిసెప్షన్‌లో పెట్టుకుంటే, మళ్లీ వచ్చేటప్పుడు యాప్‌లో కాకుండా నేరుగా మీకే వాట్సాప్ చేస్తారు.

రుషికొండ మీద మనసు చావకపోతే ఓనర్‌కి వేరే ప్రతిపాదన పెట్టండి. నెలకు 2 లక్షల కనీస అద్దె, ఆ పైన అమ్మకాల్లో వాటా. మూడు నెలల నోటీసుతో మీరు బయటికి రాగలిగే షరతు ఉండాలి. లీజు రిజిస్టర్ చేయించాలి, జీవీఎంసీ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఫైర్ ఎన్ఓసీ, తీరప్రాంత నిబంధనల అనుమతి కాగితాలు లాయర్‌కి చూపించాలి. తుఫానుకు అద్దాలు పగిలితే ఎవరు వేయించాలో, మూసి ఉన్న రోజులకు అద్దె ఉందో లేదో ముందే రాయించండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. లోన్ కూడా ఇంటి మీద కాకుండా సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ (తాకట్టు లేని చిన్న వ్యాపార రుణాలకు బ్యాంకుకి ఇచ్చే హామీ పథకం) కింద అడగండి, ఫీజు కొంత ఉంటుంది, మేనేజర్ ముందు నసుగుతాడు, అయినా అడగండి.

ఓనర్ దీనికి ఒప్పుకోకపోతే వదిలేయండి. ఆ 7 లక్షల్లో 3 లక్షలు అత్యవసరానికి ఎఫ్‌డీలో పెట్టి, మిగతాది డాబా గార్డెన్స్‌లో గీజర్లు, పరుపులు, వైఫై మీద ఖర్చు పెట్టండి. కంపెనీ వాళ్లు గది చూడటానికి వచ్చినప్పుడు ముందు తిప్పి చూసేది బాత్రూమ్ కుళాయే.