ట్రక్కు పిన్నుకి తాళం వేసి, గోతం చుట్టి నేను పడ్డ అవస్థ

గుంటూరు శివారులో ఇంటి పక్క ఖాళీ స్థలంలో ట్రాక్టరు ట్రక్కు పెట్టుకుంటున్నామని, రెండు నెలల్లో రెండుసార్లు దాన్ని ట్రాక్టరు ఇంజనుకి తగిలించే పిన్ను దొంగలపాలైందని, ఆ పిన్ను దూరే ట్రక్కు రింగు వానలకి ఎర్రగా తుప్పు పట్టిందని రాశారు. గట్టి తాళం కొని వేసి, పైన యూరియా గోతం చుట్టేస్తే రెండు బాధలూ తీరతాయా అని అడిగారు.

తీరవు. ఆ రెండూ నేను చేసి చూశాను. గోతం ఒకసారి ముంచింది, తాళం ఇంకోసారి ముంచింది. రెండూ ఒకే ఏడాదిలో.

మాది ప్రత్తిపాడు వైపు పల్లె. ఒక ఇంజను, ఒక రెండు చక్రాల ట్రక్కు. సంక్రాంతి వెళ్ళాక మిర్చి టిక్కీలు, అంటే కాయ కుక్కిన గోతాలు, గుంటూరు మిర్చి యార్డుకి తోలడం మొదలవుతుంది, ఎండలు ముదిరేదాకా అదే పని. తొలకరికి ఎరువు బస్తాలు, ఆ తర్వాత పత్తి, మధ్యలో ఎవరికన్నా గడ్డి. ట్రక్కు ఎప్పుడూ వీధిలోనే ఉండేది. ఇంజనుకి షెడ్డు కట్టాను గానీ ట్రక్కుకి కట్టే స్థోమత లేదు, స్థలం అసలే లేదు.

ముందు దొంగతనం సంగతి. పిన్ను బరువు కేజీ పైచిలుకు ఉంటుంది. పాత ఇనుము కొట్లో దానికి వచ్చేది ప్లేటు పునుగులు, ఒక టీ డబ్బులు. అంత చిన్న లాభానికి ఎవడు వస్తాడని మనం ధీమాగా ఉంటాం. పైకి లాగితే ఊడి వచ్చేది, అడిగేవాడు లేనిది, చేతిసంచిలో పట్టేది కాబట్టే వస్తాడు. మనకి పోయేది కూడా ఆ పిన్ను ఖరీదు కాదు. పొద్దున్నే బండి కట్టాలి, పిన్ను లేదు, కొట్లు ఇంకా తెరవలేదు. అప్పుడు చేతికి దొరికింది పెడతాం. నష్టం అక్కడ మొదలవుతుంది.

నేను పెట్టింది స్లాబు కమ్మీ ముక్క. పైన వంచాను, కింద ఏ క్లిప్పూ లేదు. ఏటుకూరు బైపాసు దగ్గర స్పీడు బ్రేకరు ఎక్కి దిగేసరికి వెనక ఢామ్మని చప్పుడు. ఇంజను తేలిగ్గా ముందుకి పోయింది, ట్రక్కు ముందు కొస నేలకి కొట్టుకుని తారు గీసుకుంటూ పక్కకి తిరిగి ఆగింది. ఖాళీ బండి, వెనక ఎవరూ లేరు. ఉంటే ఈ జవాబు రాసేవాడిని కాదు. కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని తాళం కొనడం కాదు. సరైన సైజు పిన్ను ఇంకొకటి, దాని కింద పెట్టే క్లిప్పులు నాలుగు కొని ఇంజను టూల్ బాక్సులో పడేయండి. పిన్ను రింగు కన్నంలో లొడలొడలాడకూడదు. ట్రక్కుకీ ఇంజనుకీ మధ్య ఒక గొలుసు కూడా కొంచెం వదులుగా కట్టుకోండి. పిన్ను ఊడినా కొస నేలకి దిగకుండా అదే పట్టుకుంటుంది.

ఇక గోతం కథ. 2023 వానాకాలంలో అందరూ చేసేదే నేనూ చేశాను. ఎరువులు తోలిన ఖాళీ గోతాన్నే రింగుకి చుట్టి పురికొసతో బిగించాను. వాన తగలదు కదా అనుకున్నాను. మూడు వారాలకి విప్పితే లోపల చెమట పట్టినట్టు తడి, తుప్పు పొరలు పొరలుగా లేచింది. గోతం చుట్టని వెనక డోరు కొక్కేలు దానికంటే నయంగా ఉన్నాయి!

తప్పు గోతానిది కాదు, నాది. ఆ గోతం పొటాష్‌ది. పొటాష్ అంటే క్లోరైడ్, అది ఒక రకం ఉప్పే. ఉప్పు గాలిలోని తేమని పట్టుకుని ఇనుముని తినేస్తుంది. యూరియా కూడా గాలిలో చెమ్మని పీల్చుకునేదే, బస్తా మూతి విప్పి వదిలేస్తే ఎలా గడ్డకడుతుందో మీకు తెలుసు. అలాంటి పొడి అంటుకున్న గోతాన్ని ఇనుముకి గాలి ఆడకుండా చుడితే పచ్చడి జాడీలో మేకు వేసి మూత పెట్టినట్టే. శుభ్రంగా కడిగిన ప్లాస్టిక్ కవరు అయినా గట్టిగా చుడితే ఇదే గతి. పగలు వేడెక్కుతుంది, రాత్రి చల్లబడుతుంది, లోపలి ఆవిరి నీళ్ళయి ఇనుము మీదే కూర్చుంటుంది.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. తడవకుండా కాపాడలేం, తడిసినది త్వరగా ఆరిపోయేలా చూడాలి. ఎరువులు దించిన రోజు సాయంత్రమే రెండు బకెట్ల నీళ్ళు రింగు మీద, ముందు కొస మీద, తొట్టి మూలల్లో గుమ్మరిస్తాను. వానలో తడిసేదాన్ని మళ్ళీ కడగడమేంటని మా నాన్న నవ్వుతాడు. నవ్వనీ.

గోతం పోయాక తాళం వచ్చింది. ఊళ్ళో అప్పుడే ఇంకో ఇద్దరి పిన్నులు పోయాయి. ఖరీదైన తాళం కొని, పిన్ను అడుగున కన్నం వేయించి, అందులోంచి తాళం బిగించాను. భేషుగ్గా ఉంది. డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మావైపు ఎలా కురిసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడు ట్రక్కుకి పని లేదు, తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవి కన్నం పైకి తిరిగి ఉందన్న సంగతి నేను చూసుకోలేదు.

జనవరి ఆఖరులో మొదటి కాయ. కళ్ళంలో టిక్కీలు కుట్టి సిద్ధంగా ఉన్నాయి, బస్తాలెత్తే ముఠా వాళ్ళు నిలబడ్డారు. రాత్రికి యార్డు చేరితేనే పొద్దున వేలం పాటకి సరుకు ఉంటుంది. ఇంజను వెనక్కి పెట్టి తాళం తీయబోతే తాళంచెవి తిరగదు. కొబ్బరినూనె పోశాను. కిరసనాయిలు పోశాను. సుత్తితో మెల్లగా కొట్టాను, తర్వాత గట్టిగా కొట్టాను. తాళంచెవి సగం లోపలే విరిగింది. రాత్రి పదింటికి వెల్డింగు షాపాయన్ని నిద్రలేపి గ్రైండరుతో కోయించాం. మంచి తాళం కదా, అంత తేలిగ్గా తెగలేదు. డబ్బు పెట్టి కొన్నదాన్ని డబ్బిచ్చి కోయించుకున్నాను. పాట అయిపోయాక యార్డుకి చేరి, మర్నాటి దాకా టిక్కీల మీదే పడుకున్నాను. తేజా రకం మిర్చి ఘాటుకి ఆ నిద్ర ఎలా ఉంటుందో పడుకున్నవాళ్ళకే తెలుసు.

తాళం మీద నాకు కోపం లేదు, ఇప్పటికీ వాడుతున్నాను. కాకపోతే కన్నం కిందికి ఉండేలా వేలాడదీస్తాను, పైన పాత సైకిల్ ట్యూబు ముక్క గొడుగులా కడతాను. తాళంలో నూనె పోయను. మా ఇళ్ళలో తాళం అనగానే కొబ్బరినూనె సీసా తెస్తారు. అది దుమ్ముని పట్టుకుని జిగురవుతుంది. పెన్సిల్ ముల్లు పొడి చేసి తాళంచెవికి రుద్ది నాలుగుసార్లు తిప్పితే చాలు. తడిసిన రోజున డబ్ల్యూడీ-40 కొట్టవచ్చు. ఆ పేరులో డబ్ల్యూడీ అంటే నీళ్ళని తోసేయడం అనే, పని అంతవరకే. దాన్ని గ్రీజు అనుకుని నెలల తరబడి వదిలేస్తే పైపొర ఆరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, పని ఉన్నా లేకపోయినా పదిహేను రోజులకోసారి తాళం తీసి వేయండి. అది బిగుసుకుందని తెలియాల్సింది లోడు రోజున కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బండి నడిచేటప్పుడు పిన్నుకి తాళం ఉండకూడదు, మామూలు క్లిప్పే ఉండాలి. గడ్డి లోడు కరెంటు తీగకి తగిలి అంటుకున్న సంఘటనలు మన జిల్లాలో కొత్త కాదు. అప్పుడు డ్రైవరు చేయగలిగింది ఒక్కటే, పిన్ను లాగేసి, గొలుసు తప్పించి ఇంజను ముందుకి తీసుకుపోవడం. ఆ మంటలో తాళంచెవి ఏ జేబులో ఉందో వెతుక్కుంటారా? దొంగకి అడ్డం పడాలని వేసింది మనకే అడ్డం పడుతుంది.

ఇప్పుడు నేను ఏం చేస్తున్నానంటే, పిన్నుని ట్రక్కు దగ్గర ఉంచనే ఉంచను. బండి విప్పగానే పిన్ను ఇంట్లోకి వస్తుంది. మా అమ్మ దాన్ని వంటింటి తలుపు కొట్టుకోకుండా ఆపడానికి వాడుకుంటుంది, అందుకని ఎప్పుడు కావాలన్నా ఎక్కడుందో అందరికీ తెలుసు. లేని పిన్నుని ఎవడూ ఎత్తుకుపోలేడు. మరి ట్రక్కునే తగిలించుకుని పోతే? దానికి నా జవాబు గోడ. ఖాళీ ట్రక్కుని ఇద్దరం కలిసి తోసి, ముందు కొస గోడకి జానెడు దూరంలో ఉండేలా పెడతాం. ఇంజను వెనక్కి రావడానికి చోటే ఉండదు. ఒక చక్రం కన్నంలోంచి ఛాసిస్‌కి, అంటే ట్రక్కు అడుగు చట్రానికి, గొలుసు తిప్పి, నేను చెప్పిన తాళం దానికి వేస్తాను. మీ స్థలంలో గోడ లేకపోతే వేపచెట్టు మొద్దు అయినా సరే.

పిన్ను తల మీద, రింగు పక్కన, ఛాసిస్ మీద వెల్డింగు చుక్కలతో మా ఇంటిపేరు మొదటి అక్షరం పెట్టించాను. పిన్నుకి తల మటుకు చిలకపచ్చ రంగు వేశాను. గుర్తు వేశాక ఒక్కటీ పోలేదు. గుర్తు చూసి వదిలారో, మా కుక్కని చూసి వదిలారో చెప్పలేను. రింగు అరిగిపోతే విజయవాడ ఆటోనగర్‌లో పాతవి దొరుకుతాయి గానీ, కన్నం కోలగా అరిగిందేమో చూసి తీసుకోండి. గుండ్రంగా లేని కన్నంలో ఎంత మంచి పిన్ను వేసినా కొట్టుకుంటుంది.

తుప్పు పనికి ఒక ఆదివారం చాలు. వైరు బ్రష్షుతో గీకి, ముందు కొస ఇనుప ఛానల్‌కి తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, దాని మీద ఎనామిల్ రంగు వేయండి. రింగు లోపల, పిన్ను ఒంటి మీద రంగు వద్దు, నాలుగు రోజుల్లో రాసుకుని పెచ్చులూడుతుంది. అక్కడ బండ్లకి మామూలుగా వాడే ఏపీ-3 గ్రీజు పలచగా పూయండి. కాలిన ఇంజనాయిల్ పూసేవాళ్ళున్నారు, దుమ్ము మెత్తుకోవడం తప్ప లాభం లేదు. గ్రీజు అయినా వేసవిలో బండి కట్టేముందు పాత గుడ్డతో తుడిచి కొత్తది పూయాలి. దుమ్ము కలిసిన గ్రీజు సానరాయిలా పిన్నుని అరగదీస్తుంది. నా పాత పిన్నుకి నడుము సన్నబడింది అందుకే.

ముందు కొస అడుగు భాగాన్ని చేత్తో తడిమి చూడండి. ఛానల్ లోపల నీళ్ళు నిలిచే గుంట ఒకటి కచ్చితంగా ఉంటుంది. అక్కడ చిటికెన వేలు పట్టేంత కన్నం వేయిస్తే, మిగతా రంగులన్నిటికంటే అదే ఎక్కువ పని చేస్తుంది. ట్రక్కు నిలిపేటప్పుడు ముందు కొస కింద తాటిమొద్దు పెట్టి కాస్త ఎత్తులో ఉంచండి, చక్రాలకి రాళ్ళు వేయండి, వెనక డోరు రెండు వేళ్ళ సందు వదలండి. నీళ్ళు వెనక్కి జారిపోతాయి. కప్పుకోవాలంటే ట్రాక్టరు పాత ట్యూబు ముక్కని రింగు పైన వదులుగా వేలాడదీయండి, కింద తెరిచి ఉండాలి.

మా తోడల్లుడి కొడుకు టెక్సాస్‌లో పికప్ బండి నడుపుతాడు. వాళ్ళకి ట్రెయిలరు తగిలించే ఇనుప గుండు బండి తొట్టి మధ్యలో ఉంటుంది, రెండుంబావు అంగుళాలకి పిసరు పైన. పని లేనప్పుడు దాన్ని తలకిందులు చేసి అదే కన్నంలోకి దించేస్తాడట, తొట్టి చదునైపోతుంది, దొంగకి పట్టు దొరకదు. బంపరు వెనక ఉండే చిన్న గుండుకి మాత్రం టెన్నిస్ బంతిని కోసి టోపీ పెడతారు. వాళ్ళ తాళాలకి తాళంచెవి కన్నం మీద రబ్బరు మూత వస్తుందని చెప్పాకే నాకు సైకిల్ ట్యూబు ఆలోచన వచ్చింది.

వరద నీళ్ళలో మునిగితే మాత్రం ఇవేవీ సరిపోవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మా స్నేహితుడి ట్రక్కు రోజుల తరబడి నీళ్ళలో ఉంది. పైకి కడిగి బాగుందనుకున్నాడు. చక్రాల మధ్య బేరింగులుండే హబ్బులు విప్పితే గ్రీజు మజ్జిగలా తెల్లగా వచ్చింది. అలా అయితే బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టాల్సిందే.

ట్రక్కుకి రిజిస్ట్రేషన్ విడిగా ఉంటుంది కదా, ఆ కాగితమూ, ఛాసిస్ నంబరూ ఇవాళే ఫోటో తీసి పెట్టుకోండి. బండి మొత్తం పోతే కేసు పెట్టడానికి అవే ఆధారం. మీది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే అయితే దొంగతనానికి పైసా రాదు.

మీ స్థలంలో ట్రక్కు ముందు కొస ఎటు తిరిగి ఉంటుందో, పక్కన గోడ గానీ చెట్టు గానీ ఉందో లేదో రాయండి. గొలుసు ఎక్కణ్ణుంచి తిప్పాలో అది చూసి చెబుతాను.